చేతిలో ఏదో ఒకటి

మా అక్క ఆఖరుగా చేసిన మామూలు పని డిష్‌లో నిలిచిన నీళ్ళు తోడెయ్యడం.

మా వైపు ఫోను డిష్ ఇంచుమించు నడినెత్తి ఆకాశం కేసి, కాస్త తూర్పుకి వాలి, నోరు తెరుచుకుని ఉంటుంది. వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. ఆకులు రాలితే పేరుకుంటాయి. అడుగున మెకానిక్ వేసి వెళ్ళిన చిల్లు ఉంది గానీ, ఒక్క ఆకు అడ్డం పడితే చాలు మూసుకుపోతుంది. అప్పుడు ఫోనెత్తితే బుసబుసమనే చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. ఆ రోజు నేను తోడతానంటే అక్క వినలేదు. బల్ల ఎక్కింది, సొరబుర్రతో నీళ్ళు తోడి పారబోసింది, చిల్లులో పుల్ల పెట్టి పొడిచింది. దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. ఆ చేతిలో బరువే లేదు.

"కాసేపు ఒరుగుతానురా లిసాండ్రో," అని వల ఊయలలో పడుకుంది. ఆ తర్వాత ఆమె లేచింది లేదు. ఇంకొన్నాళ్ళు బతికే ఉంది, మాట్లాడింది, గంజి తాగింది. కానీ అవన్నీ చావుకు సంబంధించిన పనులు. బతుక్కి సంబంధించిన పని డిష్‌తోనే అయిపోయింది.

ఆమె పేరు ఎర్లిందా మురయారి. మరన్యోన్ నది ఒడ్డున మా సాన్ రెమీహియోలో అందరికీ ఎర్లిందక్కే. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. ఫోన్ ఆమె ఇంట్లో ఉండేది మరి.

ఫోన్ రాక ముందు మాకు రేడియో ఉండేది. పట్నం ఇకీతోస్ నుంచి మధ్యాహ్నం పూట కబుర్లు చదివేవారు. ఫలానా ఊళ్ళో ఫలానా కుటుంబానికి, మీ అమ్మాయి క్షేమంగా చేరింది. ఫలానా వాళ్ళకి, ఇంజను దొరికింది, పడవలో పంపుతున్నాం. భోజనాల వేళ ఊరంతా అదే వినేది. ఇతరుల కబుర్లు వినడం కూరలో ఉప్పులాంటిది మాకు.

మా బావ అబ్సలోన్ దుంగల తెప్ప మీద పట్నానికి వెళ్ళి, అక్కడ రేవులో దుంగల మధ్య పడి చనిపోయాడు. ఆ కబురూ రేడియోలోనే వచ్చింది. ఆ వేళప్పుడు అక్క చేనులో ఉంది. సాయంత్రం కర్రపెండలం గంప వీపున మోసుకుంటూ ఊళ్ళోకి వచ్చింది. దారిలో ఎవరూ పలకరించలేదు. పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి లోపలికి జరిగారు. ఇంటి మెట్ల దగ్గర మా అమ్మ నిలబడి ఉంది. అక్క గంప దించకుండానే, "ఏమయింది, అందరికీ తెలిసింది నాకెందుకు తెలీదు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆమె తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

కొన్నేళ్ళకి ప్రభుత్వం వాళ్ళు శాటిలైట్ ఫోన్ పెడతామన్నారు. మెకానిక్ పడవ నిండా పెట్టెలతో వచ్చాడు. డిష్, ఇనప గొట్టం, సోలార్ పలక, లారీలో ఉండేలాంటి బ్యాటరీ, అట్టపెట్టెలో బల్ల మీద పెట్టుకునే మామూలు ఫోను. ఇంత సామాను చూసి, ఆఖర్న ఆ చిన్న ఫోను బయటికి తియ్యగానే జనం డీలా పడిపోయారు.

ఊరి పెద్ద సెఫెరీనో మామ అందర్నీ కూడగట్టాడు. ఫోన్ ఎవరి ఇంట్లో పెట్టాలి? మెట్ట మీదుండాలి, వరదకి మునక్కూడదు. తూర్పున ఆకాశానికి చెట్టు అడ్డం ఉండకూడదు. ఇంట్లో ఎప్పుడూ ఓ మనిషుండాలి. చదువు రావాలి.

"అన్నిటికన్నా ముఖ్యం, నోరు కట్టేసుకునే మనిషి కావాలి," అన్నాడు మెకానిక్. "విన్న మాట బయటికి పోకూడదు."

జనమంతా గొల్లుమన్నారు.

"బాబూ, నువ్వు ఊరు తప్పొచ్చావు," అంది ఓర్ఫా వదిన. "అలాంటోళ్ళు కావాలంటే ఎదురొడ్డున శ్మశానం ఉంది, పో."

"మీ ఇంట్లో పెట్టించుకోవే ఓర్ఫా, రేడియో ఖర్చు తప్పుతుంది ఊరికి," అన్నాడు సెఫెరీనో మామ.

"పెట్టించుకుంటా. నీ చిన్నిల్లు ఫోన్ చేస్తే నీ ఇంటావిడకే ఇస్తా ముందు."

ఈ గోలలో అక్క లేచి, "నా ఇంట్లో పెట్టండి," అంది. అంతే. కారణం చెప్పలేదు. మెకానిక్ వెళ్ళి చూసి, అంతా బాగుంది గానీ తూర్పున పనసచెట్టు అడ్డం వస్తుందన్నాడు. అక్క లోపలికెళ్ళి గొడ్డలి తెచ్చి మా మేనమామ చేతికిచ్చింది. సాయంత్రానికి చెట్టు పడిపోయింది. మర్నాడు మెకానిక్ గొట్టం పాతి, డిష్ బిగించి, చేతిలో చిన్న పెట్టె పట్టుకుని దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పాడు. పెట్టె కుయ్యిమనగానే బోల్టులు బిగించేశాడు. "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, కోడి కూడా," అన్నాడు. కోళ్ళు ఆ రాత్రే దాని మీద పడుకున్నాయి.

మొదట్లో మాకు మాట్లాడ్డం రాలేదు. మాట పైకెళ్ళి మళ్ళీ కిందికి రావాలి గదా, కాస్త ఆలస్యం అవుతుంది. ఆ కాస్తలో ఇటువాళ్ళు కంగారుపడి "వినపడుతోందా" అంటారు, అటువాళ్ళ జవాబు అప్పుడే వస్తుంది, రెండు మాటలూ కొట్టుకుంటాయి. ఒకరి మీద ఒకరు అరుచుకుని, ఏమీ చెప్పుకోకుండానే ఫోను కార్డులో డబ్బు అయిపోయేది. అక్కే నేర్పింది అందరికీ. "చెప్పు. చెప్పి ఊరుకో. ఒక ఊపిరి పీల్చి వదులు. ఇప్పుడు విను." పక్కనే నిలబడి వేలితో సైగ చేసేది. చెప్పు, ఊరుకో, విను. మా ఊరివాళ్ళు ఇప్పటికీ ఎదురెదురుగా కూచుని మాట్లాడుకునేటప్పుడు కూడా ఒక ఊపిరి ఆగుతారు. బయటివాళ్ళు మమ్మల్ని నిదానస్తులనుకుంటారు.

డిష్ పక్కనే గుంజ పాతి, దాని మీద మైకు పెట్టారు. ఫోన్ వస్తే అక్క మైకులో పిలిచేది. "ఓర్ఫా కనకీరీ, ఓర్ఫా కనకీరీ, నీ చెల్లెలు నౌతా నుంచి. మళ్ళీ చేస్తుంది, గబగబా రా." చేలల్లో ఉన్నా, రేవులో బట్టలుతుకుతున్నా వినబడేది. పిలుపందుకున్న మనిషి పరిగెత్తుతుంటే దారి పొడవునా ఎగతాళి.

"ఎవత్తిరా ఫోన్ చేసింది, అలా పరిగెడుతున్నావు?"

"మా అత్తగారు!"

"అయితే నడువు, తొందరేముంది!"

కొందరు తప్పించుకునేవాళ్ళు. ఓర్ఫా మొగుడు తను అప్పుపడ్డ పొరుగూరి దుకాణం నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా మెట్ల కింద నక్కి, "లేనని చెప్పక్కా, నీకు పుణ్యముంటుంది," అనేవాడు.

"నేను ఫోన్‌లో అబద్ధం చెప్పను. లేనని చెప్పమంటూ నా మెట్ల కిందే కూచున్నాడని చెప్తా. సరేనా?"

"అంతకన్నా నన్ను మొసలికెయ్యి."

"మొసలికి మాత్రం ఆకలుండదా ఏం, నువ్వేం సరిపోతావు. రా, వచ్చి మాట్లాడు."

కానీ చావు కబురు మాత్రం అక్క మైకులో చెప్పేది కాదు. ఫలానావాళ్ళని పిలవండి అని అవతలివాళ్ళు ఏడుస్తూ అడిగినా పిలిచేది కాదు. "నాతో చెప్పండి. నేను వెళ్ళి చెప్తా," అనేది. చెప్పింది చెప్పినట్టు ఇంకోసారి అప్పజెప్పి, తప్పు లేదని తేల్చుకుని, ఫోన్ పెట్టేసి, తలుపు దగ్గరికి వేసి, నడుచుకుంటూ ఆ ఇంటికి వెళ్ళేది. లోపలికెళ్ళి, ఆ మనిషి ముందు కూచుని, చేతులు పట్టుకుని చెప్పేది. వాళ్ళకంటే ముందు ఇంకెవరికీ తెలియనిచ్చేది కాదు. నాకు కూడా.

ఊరు దీన్ని త్వరగానే పట్టేసింది. మైకులో పిలిస్తే మంచి, నడిచొస్తే చెడు. దాంతో ఏమయిందంటే, అక్క ఇక ఊరికే ఎవరింటికీ వెళ్ళలేకపోయింది. ఆమె దారమ్మట వస్తుంటే రోకళ్ళు ఆగిపోయేవి. ఆమె దాటిపోయిన ఇంట్లో ఊపిరి పీల్చుకునేవాళ్ళు, ముందున్న ఇంట్లో బిగబట్టేవాళ్ళు.

ఒకసారి ఉప్పు నిండుకుని ఓర్ఫా ఇంటికెళ్ళింది. ఓర్ఫా అత్తగారు గుమ్మంలోంచి చూసి, ఏ కొడుకో తేల్చుకోకుండానే, "అయ్యో నా తండ్రీ!" అని నేల మీద పడి జుట్టు పీక్కుంది. చుట్టుపక్కలవాళ్ళంతా పోగై శోకాలు మొదలెట్టారు.

"ఏం లేదత్తా! ఉప్పు! ఉప్పు కోసమొచ్చా!" అని అక్క అరుస్తుంటే వినేవాళ్ళు లేరు.

చివరికి ఓర్ఫా మీదికొచ్చింది. "ఉప్పుకొచ్చేదానివి గిన్నె తెచ్చుకోవద్దూ? ఉత్త చేతులూపుకుంటూ వస్తారటే ఎవరైనా?"

అప్పట్నుంచీ అక్క ఊరికే వెళ్ళేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళేది. గిన్నో, రెండు అరటికాయలో, చేపో, ఏదీ లేకపోతే ఓ కట్టెపుల్లో. దూరం నుంచే కనబడేలా ఎత్తి పట్టుకునేది. వరద రోజుల్లో ఇళ్ళ మధ్య పడవల్లో తిరిగేటప్పుడు పడవ ముక్కు మీద అరటి గెల నిలబెట్టేది. దాన్ని చూడగానే "ఊరికేలే!" అని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కేకేసుకునేవాళ్ళు. పండగ పూట ఎవరైనా ఆమె ఉత్త చేతులతో నిలబడ్డం చూస్తే, "తల్లీ, ముందీ గ్లాసు పట్టుకో, మా గుండెలాగిపోతాయి," అని చేతిలో ఏదో పెట్టేసేవాళ్ళు. ఆమె నవ్వేది. ఆ ఉత్త చేతులతో ఆమె ఎన్ని ఇళ్ళకి వెళ్ళిందో, వచ్చాక ఏం చేసేదో నేనెప్పుడూ అడగలేదు. వచ్చాక చేతులు కడుక్కునేది. అంతవరకే చూశాను.

నేను ఊరి బడిలో పంతుల్ని. అక్క ఇంటి పక్కనే మా ఇల్లు. నాకు పెళ్ళి కాలేదు, ఆమె మళ్ళీ చేసుకోలేదు. పొయ్యి ఒకటే.

కడుపులో నొప్పి అని చాలాకాలం ఆకులూ బెరళ్ళూ కాచుకు తాగింది. తగ్గకపోతే ఇకీతోస్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. లోపల్నుంచి చిన్న ముక్క తీశారు. దాన్ని రాజధాని లీమాకి పంపి చూడాలి, ఆలస్యం అవుతుంది, మీరు ఊరెళ్ళండి, ఫోన్ నంబరుంటే చెప్పండి, మేమే చేస్తాం అన్నారు. అక్క నంబరు చెప్పింది. అది ఊరి ఫోనని చెప్పాను నేను. "పర్లేదు, ఫోన్ దగ్గరుండే ఆవిడతో చెప్తే పిలుస్తుంది గదా," అన్నారు. అక్క నా వైపు చూసింది. ఇద్దరం నవ్వుకున్నాం. తిరుగు పడవలో కూడా తలుచుకుని నవ్వింది.

ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తూ బతికాం తర్వాత. వేరే ఏం చెప్పను. నేను బడి నుంచి రాగానే, "వచ్చిందా?" అనేవాణ్ణి.

"వచ్చింది. సెఫెరీనో మామ మనవరాలికి, ఓర్ఫాకి, మిషనరీ సిస్టర్‌కి. నాకు తప్ప ఊళ్ళో అందరికీ వచ్చింది."

వానలు పట్టాయి. పలక మీద ఎండ పడక బ్యాటరీ నీరసించింది. కొన్ని రోజులు ఫోన్ పొద్దున పూట మాత్రమే పలికేది. అక్క బ్యాటరీ మిగలాలని మైకు ఆపేసి, పిలవడానికి కూడా నడిచే వెళ్ళేది, చేతిలో ఏదో ఒకటి ఎత్తి పట్టుకుని. ఆ ఫోన్ వచ్చేసరికి లైను ఆగిపోకూడదని ఆమె భయమని నాకు తెలుసు. ఆమె ఆ మాట అనలేదు.

వానలు తెరిపిచ్చాక ఒక మధ్యాహ్నం, నేను నిద్ర లేచి గుమ్మంలో మొహం కడుక్కుంటున్నాను. అక్క తన మెట్లు దిగి నా వైపు వస్తోంది. చేతిలో తాటినారకి గుచ్చిన చేపలు. పక్కిల్లే అయినా వాటిని ఎత్తి పట్టుకుంది.

"ఫోన్ వచ్చిందా?" అన్నాను.

ఆమె కొంచెం ఆగింది. మా ఊళ్ళో అందరూ ఆగేటంతే. చేపల్ని ఇంకాస్త పైకెత్తింది.

"చేతిలో ఏముందో చూడరా," అంది.

నేను నవ్వాను. చేపలందుకున్నాను. అరటాకులో చుట్టి కాల్చుకు తిన్నాం. ఆమె తన వాటాలో సగం నా ఆకులో వేసింది. బాగానే ఉందన్నారేమో, ఏమీ లేదన్నారేమో అనుకున్నాను. మా ఊళ్ళో ఇంకెవరైనా అదే అనుకుంటారు. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. ఆమె మైకులో మళ్ళీ పిలవడం మొదలెట్టింది.

చిక్కిపోవడం మెల్లగా కనబడింది. పట్నం వెళ్దామంటే, "ఫోన్ ఎవరు చూస్తారు?" అనేది. ఓర్ఫాని పిలిచి అన్నీ చూపించడం మొదలెట్టింది. బ్యాటరీ తీగలకి పట్టే చిలుము ఎలా గీకాలి, కందిరీగలు డిష్ ముందుండే కొమ్ము గొట్టంలో గూడు పెడితే పొగ ఎలా వెయ్యాలి.

"ఇదంతా నాకెందుకు వదినా?" అంది ఓర్ఫా.

"నీ నోరు కట్టెయ్యడానికి. ఊరు పడే బాధ చూడలేకపోతున్నా."

"నా నోరు కట్టేస్తే నీకు ఊసుపోతుందా?"

"పోదు," అంది అక్క.

ఓర్ఫా ఇంటికెళ్ళేటప్పుడు ఏడ్చింది. అప్పటికి నాకూ తెలిసిపోయింది. ఎవరూ చెప్పకుండా తెలిసింది. ఆసుపత్రివాళ్ళు మమ్మల్ని మర్చిపోయారనీ, ఆ ముక్క లీమాలో ఎక్కడో పోయిందనీ అనుకున్నాను. కోపం రావాలి. రాలేదు.

ఊయలలో పడుకున్నాక ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఫోన్ మోగితే మాత్రం కళ్ళు తెరిచి, ఓర్ఫా మాట్లాడే తీరు వినేది. ఓర్ఫా తొందరపడితే, పడుకున్న చోటు నుంచే వేలితో సైగ చేసేది. ఊరుకో. విను. ఒక తెల్లవారుజామున ఆ వేలు కూడా కదల్లేదు. ఓర్ఫా చెప్పడానికి ఇళ్ళకి బయల్దేరింది. ఆమె ఉత్త చేతులతో దారిలోకి రావడం చూసి, ఏ ఇల్లూ ఆమెని లోపలికి రానియ్యలేదు. అందరూ వాళ్ళంతట వాళ్ళే బయటికొచ్చి ఆమె వెనకాలే మా ఇంటికి నడిచొచ్చారు.

ఆ సంవత్సరం నేను బడి నడిపాను. పిల్లలకి లెక్కలు చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

వరద తీశాక ఓర్ఫా కంటికి పొర పట్టిందంటే ఆసుపత్రికి తోడు వెళ్ళాను. అదే ఆసుపత్రి, అదే వసారా. ఒక నర్సు పేరూ ఊరూ అడిగి, ఊరి పేరు వినగానే తలెత్తింది.

"సాన్ రెమీహియోనా? అక్కడ ఫోన్ ఎవరు చూస్తారు?"

"నేనే," అంది ఓర్ఫా.

"మీరేనా! మీతో మాట్లాడింది నేనే. ఎర్లిందా మురయారి అనే పేషెంటు గురించి. గుర్తుందా? గొంతు వేరేలా అనిపించింది అప్పుడు."

ఓర్ఫా నా వైపు చూసింది. 

"అలాంటి కబురు చెప్తే అవతల ఎవరైనా కంగారుపడతారు. మీరు నిదానంగా విన్నారు," అంది నర్సు. "ఆవిడ్ని పిలవండి, నేనే చెప్తానన్నా. ఇలాంటివి మేం మైకులో పిలవం, నాతో చెప్పండి, నేను నడిచెళ్ళి చెప్తానన్నారు. చెప్పిందంతా మళ్ళీ అప్పజెప్పారు, ఒక్క మాట తప్పులేకుండా. ఇంక వైద్యం లేదన్నది కూడా. నొప్పికి మందులిస్తాం రమ్మన్నాను. ఆవిడ రాలేదు మరి."

"ఇంకేమన్నా అన్నారా?" అనడిగాను.

నర్సు నన్నప్పుడే చూసింది.

"ఆవిడకి ఎవరైనా ఉన్నారా అని నేనే అడిగా. కాసేపు ఏం వినబళ్ళేదు. ఆ ఫోన్లంతే గదా. తర్వాత, తమ్ముడున్నాడండీ, పక్కిల్లే, అన్నారు. అయితే అతన్ని పిలవండి, ముందు అతనికి చెప్దాం అన్నా. పడుకున్నాడు, పొద్దుణ్ణించీ బళ్ళో పిల్లలతో అరిచి అలిసిపోయి ఉంటాడు, ఇప్పుడు లేపనండీ అన్నారు."